ఎట్లుండె నా కొడుకు

కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా చేరిన కొత్తలో, ఎవరి ముందూ కళ్లు తడవనీయకపోతేనే మంచి నర్సు అనుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున జమ్మికుంట నుంచి ఒకామెను తీసుకొచ్చారు. తొలి కాన్పు. బిడ్డ కడుపులోనే పోయాడు. ఆపరేషన్ అయ్యాక, ఆమె ఇంకా మత్తులో ఉండగానే, బాబును గుడ్డలో చుట్టి తండ్రికి అందించింది నేనే. మార్కెట్ యార్డులో పత్తి బస్తాలు మోసే మనిషి. చేతులు ఎట్లా చాపాలో తెలియక నిలబడ్డాడు.

"జర మంచిగ కప్పు సిస్టరమ్మా, సలి పెడ్తది," అన్నాడు.

కప్పాను. పక్క మంచం దగ్గరికి వెళ్లి బాలింతకు ఇంజెక్షన్ ఇచ్చాను. ఆమె పాపను చూసి నవ్వాను కూడా. మధ్యాహ్నం మాత్రం డబ్బా తెరిచి, ఒక్క ముద్దా తినకుండానే మూత పెట్టేశాను.

మా పెద్ద సిస్టర్ అది చూసింది. ఆదిలాబాద్ వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడింది. ఆమె గొంతు వింటేనే మాకు భయం. దుప్పట్లు పెట్టే గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే సిస్టర్."

"ఏం కాకుంటె అన్నమెందుకు తింటలేవు?"

ఆ తండ్రి అన్న మాట చెప్పాను. చెప్తుంటేనే ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె ఊరుకోమనలేదు. స్టూలు జరుపుకుని కూర్చుంది.

"నేను గిట్లనే బిగవట్టుకొని బతికిన. ఇంటికి పోయి పిల్లల మీద అర్సుడు, నిద్ర లేకుండ పండుడు. దుఃఖం యాడికి పోతది? ఏడ్వు. మొకం కడుక్కొని పోదువు గని. నీ మంచాలు నేను చూస్త."

ఆ తర్వాత వార్డులో ఎవరైనా పోతే, డ్యూటీ అయ్యాక మేమిద్దరం ఆ గదిలో కాసేపు కూర్చునేవాళ్లం. మెల్లగా మిగతా నర్సులూ వచ్చారు. ఏడుపొస్తే ఏడ్చేవాళ్లం. ఇంటికి తేలికగా వెళ్లేదాన్ని.

నేను ఆ గదిలో మొదటిసారి ఏడ్చిన వారానికే, కుట్లు విప్పించుకోవడానికి ఆ జమ్మికుంట తల్లి మళ్లీ వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, ఎట్లుండె నా కొడుకు? నాకు తెలివి రాకముందే తీస్కపోయిన్రు. ఇంట్ల అడుగుతె మర్సిపొమ్మంటున్నరు."

అంతకుముందైతే నేనూ అదే అనేదాన్ని. పని ఆపి మంచం మీద ఆమె పక్కన కూర్చున్నాను. తల నిండా నల్లటి జుట్టుందని, వేళ్లు పొడుగ్గా ఉన్నాయని, గడ్డం మీద చిన్న సొట్ట ఉందని చెప్పాను.

"గా సొట్ట మా బాపుకు ఉంటుండె," అంది.

ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె తన తండ్రి గురించి చెప్పుకుంటూ పోయింది. వింటూ ఒక్కో కుట్టూ విప్పాను.