సినిమాలో లేని మగ్గం

దయ్యాలు, చేతబడులు అంటే నవ్వేవాళ్లలో నేనొకణ్ణి. ఇప్పటికీ నవ్వుతాను. మా గద్వాలలో ఫలానా పాడుబడ్డ ఇంట్లో గజ్జెల చప్పుడు వినిపిస్తుందని ఎవరో అంటే, కెమెరా పట్టుకుపోయి అక్కడే పడుకొని, పందికొక్కులు తప్ప ఏమీ లేవని వీడియో పెట్టినవాణ్ణి. అందుకే ఈ సంగతి రాయడానికి చాలాకాలం వెనకాడాను. నన్ను ఎరిగినవాళ్లు ముందు ఆటపట్టిస్తారు. పట్టించనీయండి. జరిగింది జరిగినట్టే చెబుతాను.

పెళ్లిళ్లకు వీడియోలు తీయడం నా పని. ముహూర్తాలు లేని రోజుల్లో, కొత్త సినిమా పడగానే థియేటర్ గేటు దగ్గర నిలబడి బయటికొచ్చేవాళ్ల ముందు మైకు పెడతాను. పబ్లిక్ టాక్ అంటారు దాన్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు ఊళ్లూ తిరిగి నా చానల్లో పెడతాను. మా పాలమూరువాళ్లకు మొహమాటం లేదు. నచ్చకపోతే హీరో ఎదురుగా నిలబడ్డా నచ్చలేదనే అంటారు.

ఆ వానాకాలం ఒక ఇంగ్లీషు సినిమాను తెలుగులోకి డబ్ చేసి వదిలారు. అమెరికాలో దక్షిణాన ఎక్కడో బురదనేలల మధ్య ఒక పాత బంగళా. అందులో ఒక ముసలాయన, ఆయన ఇద్దరు కూతుళ్లు. మొదటి సీను నుంచి ఒకటే వాన. ఒకరి తర్వాత ఒకరు చస్తుంటారు, చంపినవాడికి శిక్ష పడదు. చివరికి ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు కూడా మిగలదు.

గద్వాలలో మొదటి ఆట నేనూ చూశాను. నాకు బాగా నచ్చింది. జనానికి నచ్చలేదు. ఒకాయన సావింటికి పోయొచ్చినట్టుంది, ఇంటికి పోయి తానం చేస్తేగానీ అన్నం ముట్టనన్నాడు. ఇంకొకాయన పాటలన్నీ థియేటర్‌వాళ్లే కోసేసి ఉంటారని, ఆ పాపం నాదే అయినట్టు నన్ను నిలదీశాడు. కాలేజీ పిల్లలు మాత్రం కెమెరా పనితనం అదిరిందన్నారు.

అందరికంటే చివర, దగ్గర్లోని గట్టు అనే ఊరి నుంచి వచ్చిన ఒకామె మాట్లాడింది. భర్తను దవాఖానలో చూపించడానికి వచ్చి, వాన తగ్గేదాకా తలదాచుకుందామని ఇద్దరూ సినిమాకు దూరారట. సినిమా అంతా ఎట్లాగో చూశాను గానీ, నేలలో నడుము దాకా పాతిపెట్టిన ఆడమనిషిని చూసి ఒళ్లు జలదరించిందని చెప్పింది. ఆమె ముఖం కనబడదట. బూడిదలో వేలు అద్దుకుంటూ, దారాలు ఒక్కొక్కటే పట్టి ఏదో చేస్తూనే ఉంటుందట. చేతబడి అయి ఉంటుందని ఆమె అనుమానం. భర్తను అడిగితే తాను నిద్రపోయానన్నాడు.

సినిమాలో పెద్దకూతురు నడుంలోతు బురదలో దిగి వల లాగే సీను ఒకటుంది. ఈమె దాన్నే అట్లా అర్థం చేసుకుందనుకున్నాను. బూడిద మాత్రం సినిమా మొత్తంలో ఎక్కడా లేదు. నవ్వుకొని, ఆ ముక్క వీడియోలో పెట్టకుండా పక్కన పడేశాను.

మర్నాడు వనపర్తి. వీపనగండ్ల నుంచి వచ్చిన ఒక వేరుశనగ రైతు మైకు ముందుకొచ్చాడు. సినిమా ఎట్లుందన్నా అని మాత్రమే అడిగాను. ఆయన నేరుగా ఆ నేలలో పాతిపెట్టిన మనిషి దగ్గరికే వెళ్లిపోయాడు. బూడిద, దారాలు, అన్నీ అవే. పైగా ఆమె అదంతా ఎడమచేత్తో చేస్తోందని, వెనక మట్టిగోడ నానిపోయి ఉందని అన్నాడు. అది ఇంటర్వెల్‌కు ముందా తర్వాతా అని కొంచెం వెటకారంగానే అడిగాను. ఆయనకు కోపమొచ్చింది. టికెట్ కొని కూర్చున్నది నేనా నువ్వా అని నన్నే ఎదురడిగి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు తట్టింది. వాళ్లకది చేతబడిలాగా కనిపించింది గానీ, నేను నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. గుంటమగ్గం ముందు కూర్చున్న మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే నడుము దాకా నేలలో ఉన్నట్టే కనబడుతుంది. నిలువుపోగుల పడుగు ఒకటి అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. గద్వాలలో ఏ నేతవీధిలోకి వెళ్లినా కనబడే పనే.

మా పద్మక్కది ఎడమచేతి వాటం. అక్క మగ్గం వెనక ఉన్నది మట్టిగోడ.

ఎవరింటి మగ్గమో అమెరికా సినిమాలోకి వచ్చి కూర్చుంటుందా, నీకు మతిపోయిందిరా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంటికి వెళ్లాక అక్కకు ఏమీ చెప్పలేదు. మా అమ్మ పోయినప్పుడు నేను చిన్నవాణ్ణి. నన్ను పెంచి ఇంతవాణ్ణి చేసింది అక్కే. ఇప్పుడు నేను కొత్త కాలనీలో ఉంటున్నాను, అక్క మా పాత ఇంట్లోనే ఒక్కతే ఉంటుంది. రమ్మంటే మగ్గాన్ని ఎక్కడ పెడతావురా అంటుంది.

ఆదివారం పొద్దున నాగర్‌కర్నూల్ బయల్దేరేటప్పుడు అక్క ఫోన్ చేసింది. ఈరోజు అతుకుకు కూర్చుంటున్నా, ఊరికే ఫోన్లు చేయకు అని చెప్పింది. మా ఇంట్లో అదొక పట్టింపు. అతుకు మొదలుపెట్టాక అయ్యేదాకా మధ్యలో లేవరు. లేస్తే పోగుల వరస తప్పుతుందన్నది పనికి సంబంధించిన మాట. ఆ పడుగు మీద నేసిన చీర కట్టినవాళ్లకు అచ్చిరాదన్నది మా అమ్మ మాట. అక్క రెండూ నమ్ముతుంది. గుమ్మంలోకి చుట్టాలొచ్చినా కూర్చున్నచోటు నుంచే పలకరిస్తుంది.

నాగర్‌కర్నూల్‌లో మొదటి ఆట వదిలేసరికి వాన కుమ్మరిస్తోంది. జనం గేటు దగ్గర ఆగిపోయారు. వాళ్లలో ఒక నల్లమల పిల్ల ఉంది. ఊరు అడవి లోపల, పని ఇక్కడ హాస్టల్లో వంట. తోటివాళ్లతో సినిమాకొచ్చింది. మైకు పెట్టగానే సినిమా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకొని నన్నే ప్రశ్న అడిగింది.

"గోడ ఉబ్బి ఉబ్బి గామె మీదనే పడ్డది సార్. ఎనక నీళ్లు కారుతున్నయని ఆమెకు తెలుసు. లేవొచ్చు గద. ఎందుకు లేస్తలేదు?"

పక్కనున్న పిల్లలు నువ్వేం సినిమా చూసినవే అని నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకు లేవదో ఆ గేటు దగ్గర నాకొక్కడికే తెలుసు.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. చివరికి ఎత్తి విసుక్కుంది. వెనక గోడ ఎట్లా ఉందని అడిగితే, నానింది, ఏటా నానుతుంది, ఇదేమన్నా కొత్తనా అంది. బయటికి వెళ్లు అక్కా అన్నాను.

"పిచ్చిగిట్ల లేసిందారా? సగం అతుకుల ఉన్న. ఇప్పుడెట్ల లేస్త?"

కెమెరాలో ఆ పిల్ల మాటలు పెట్టి ఫోన్ దాని దగ్గర ఉంచాను. అక్క మొత్తం విన్నది.

"గా పిల్ల ఎవరురా?"

"తెల్వదు అక్కా. నీకు దండం పెడ్త, జర లే."

అంతమంది మధ్యలో నేను ఏడుస్తున్నాను. అమ్మ పోయినప్పటి నుంచి అక్క నా ఏడుపు వినలేదు. ఆ మాటలకు లేచిందో, ఈ ఏడుపుకు లేచిందో గానీ లేచింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకొనే బయటికి నడిచింది. అరుగు మీద వాన చప్పుడు నాకు వినిపించింది. కాసేపటికి, లారీలోంచి బస్తాలు ఒక్కసారే కింద పడేసినట్టు ఇంకో చప్పుడు వినిపించింది.

అక్క పలకలేదు. ఎంతసేపు పలకలేదో నాకు తెలియదు. ఆ సేపట్లో నేను చచ్చి బతికాను.

"పడ్డదిరా" అంది చివరికి.

గోడంతా మగ్గం మీదే పడింది. గుంట మట్టితో పూడిపోయింది. అక్క కూర్చునే చోట ఇద్దరు మనుషులు ఎత్తినా కదలని మట్టిపెళ్లలు.

తర్వాత ఆ సినిమాను మూడు ఊళ్లలోనూ, మూడు థియేటర్లలోనూ మళ్లీ చూశాను. మగ్గం లేదు, బూడిద లేదు. ఆపరేటర్లను అడిగితే నన్ను ఎగాదిగా చూశారు. మొదటి ఇద్దరి మాటలు విని మూడో మనిషి చెప్పిందా అంటే, ఆ ముక్కలు నేను ఎవరికీ చూపించలేదు. నేనేమన్నా నోటికి అందించానా అంటే, నా ప్రశ్న కూడా రికార్డయి ఉంది. ముగ్గురికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. వానకు నానిన మట్టిగోడ కూలడంలో వింతేమీ లేదు, అది ఎవరైనా చెప్పగలరు. ఆ ముగ్గురి కళ్లకు అక్క ఎందుకు కనబడిందన్నది మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. దయ్యం అని ఇప్పటికీ అనను. ఏమనాలో తెలియదు.

గద్వాలలో సినిమా ఎత్తేసే రోజు, నన్ను తీసుకుపొమ్మని అక్కే అడిగింది. వద్దన్నాను, వినలేదు. మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. హాల్లో పట్టుమని పదిమంది లేరు. ఇంటర్వెల్ అయిన కొంతసేపటికి అక్క ముందుకు వంగింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద నాకు కనబడుతున్నది బంగళా మెట్లు, వాన, అంతే.

బయటికొచ్చాక సైకిల్ స్టాండ్ అరుగు మీద కూర్చుంది. తనే చెప్పింది.

"మన మగ్గమే చూపిచ్చిండ్రు. గోడ పడ్డది."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గుంటల ఎవ్వరు లేరురా" అంది.