ఎత్తుకెళ్లిన బిడ్డ

మెట్ల కింద ఇరుకులో మిషను వేసుకుని కూర్చునే ఆ కుట్టుపనామెకు దారం తెంచడానికి కత్తెరతో పనిలేదు, పళ్లతోనే కొరికేస్తుంది. బడి వదిలే వేళకు మాత్రం తొక్కడం ఆపి వీధివైపు కళ్లప్పగించి చూస్తుంది. నడక సరిగ్గా రాకముందే, కోర్టులో గెలిచి తండ్రి తీసుకుపోయిన ఆమె కూతురు ఆ దారినే ఇంటికి వెళ్తుంది. పిల్లను పలకరించకూడదని కోర్టు ఉత్తర్వు. ఇన్నేళ్లూ ఆమె నోరు విప్పలేదు. మొన్న ఆ పిల్ల గోడకు ఆనుకుని వాంతి చేసుకుంది. పరుగున వెళ్లి నుదుటిమీద చెయ్యి వేస్తే పెనంలా కాలిపోతోంది. భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. మందు పట్టించి తన గదికి తెచ్చి పడుకోబెట్టింది. తెల్లారేసరికి జ్వరం దిగింది, గుమ్మంలోకి పోలీసులు దిగారు.

"తండ్రికి కబురైనా చెయ్యాలి కదమ్మా?" అంది స్టేషన్లో మహిళా ఎస్సై.

"చేస్తే వచ్చి తీసుకుపోయేవాడు. ఒక్క రాత్రన్నా నా పక్కన పడుకుంటుందని ఆశపడ్డానమ్మా. కన్నబిడ్డను తెచ్చుకుంటే అది నేరమెలా అవుతుంది?"

ఎస్సై పిల్లవైపు వంగింది. "నిన్నెవరు తీసుకెళ్లారు తల్లీ?"

తండ్రి చొక్కా పట్టుకుని నిలబడ్డ పిల్ల వేలు చూపించింది.

"ఈ ఆంటీ. ఎవరో నాకు తెలీదు."

ఆ తర్వాత ఎస్సై ఏమడిగినా కుట్టుపనామె ఔననే తలూపింది.