పదిహేడో నంబరు చీటీ

మా అక్క ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆమె ఉద్యోగమూ అదే. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా చివరి చెకింగ్ టేబుల్ ఆమెది. ఇస్త్రీ అయి వచ్చిన చొక్కాని తిరగేసి, కాలరు దగ్గర మొదలుపెట్టి కింది అంచు దాకా వేళ్ళతో తడుముతుంది. లోపం తగిలితే అక్కడ ఎర్ర బాణం స్టిక్కరు అంటిస్తుంది. తగలకపోతే జేబులో ఒక చిన్న కాయితం చీటీ పెడుతుంది. చీటీ మీద ఆమె నంబరు ఉంటుంది, పదిహేడు. ఆ నంబరున్న చొక్కా ఏ దేశం నుంచీ తిరిగి రాలేదని ఫ్యాక్టరీలో చెప్పుకుంటారు. ఆమెకి అందరూ పెట్టిన పేరు భూతద్దం. ఎదురుగా పిలిచే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

నేను అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో చేస్తాను. అక్క కంటే పదకొండేళ్ళు చిన్నదాన్ని. నాకు పెళ్ళయింది, ఏడాదిన్నరకే చెడింది, అప్పట్నుంచీ అక్క దగ్గరే ఉంటున్నాను. అక్క అసలు చేసుకోలేదు. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఆమెకి ఎక్కడో ఒక కుట్టు ఊడి కనపడింది.

అలాంటి మనిషికి ఫ్యాక్టరీ వాళ్ళు బహుమానం ప్రకటించారు. మన చొక్కాలు అమ్ముడయ్యే విదేశీ నగరంలో నాలుగు రోజులు, గురువారం నుంచి ఆదివారం దాకా. తోడుగా ఒకరు వెళ్ళొచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క ఇంటికొచ్చి ఆ కాయితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇరవై తొమ్మిదేళ్ళలో టీతో పాటు బిస్కెట్ ఇవ్వని వాళ్ళు విమానం ఎక్కిస్తారటే. ఎందుకంటావ్?"

"నీ పనికి మెచ్చుకునే, అక్కా" అన్నాను.

ఎందుకో నాకు తర్వాత తెలిసింది. బయల్దేరే ముందు రోజే ఫ్లోర్ మేనేజరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆయన్ని మేం పంచదార సార్ అంటాం, మాట అంత తీపి. వచ్చే సోమవారం చెకింగుకి కెమెరా ఉన్న మిషన్ బిగిస్తున్నారు. అక్క టేబుల్ తీసేస్తారు. ఆమెని గుండీలు ఏరే గదికి మారుస్తారు. "కళ్ళెదుటే టేబుల్ తీసేస్తే తట్టుకోలేదమ్మా, పాపం. అక్కడ నచ్చిందని చెప్పి ఇంకో మూడు రోజులు ఉంచెయ్. బుధవారం దాకా హోటలు ఖర్చు మాదే. వచ్చాక నేనే మెల్లగా చెప్తాను." ఇంకో మాట కూడా అన్నాడు. అది ఇప్పుడే చెప్పడానికి నాకు నోరు రావట్లేదు, కాసేపాగి చెప్తాను.

సరేనన్నాను. అక్క ఏడిస్తే చూడలేనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

హోటల్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ అక్క తనిఖీ మొదలైంది. దుప్పటి ఎత్తి పరుపు కుట్టు చూసింది. అద్దం వెనక్కి తొంగి చూసింది. గది శుభ్రం చేసే ఆమె వచ్చి వెళ్ళాక పెట్టె జిప్పు ఎక్కడ ఆపిందో అక్కడే ఉందో లేదో చూసుకుంది. కింద బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా మేం కనపడినప్పుడల్లా నవ్వేవాడు.

"వీడెందుకే మనల్ని చూసి అంత నవ్వుతాడు?"

"అది వాడి ఉద్యోగం అక్కా."

"నవ్వు ఉద్యోగమైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి" అంది.

ఊరు మాత్రం బాగుంది. విశాలమైన వీధులు, నది మీద వంతెన, ఎక్కడ చూసినా కూర్చోడానికి బెంచీలు. అక్క బెంచీ మీద చెయ్యి రాసి తడి రంగు లేదని తేల్చుకుని గానీ కూర్చునేది కాదు. కానీ కూర్చున్నాక ఒక్కోసారి మాటల్లేకుండా నీళ్ళని చూస్తూ ఉండిపోయేది. రోజంతా నిలబడే మనిషి. ఆ కాళ్ళు చాపుకోవడం చూస్తే నాకు ముచ్చటేసింది, వెంటనే సిగ్గేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆ బెంచీ మీదే మాట కదిపాను.

"అక్కా, ఇంత దూరం మళ్ళీ ఎప్పుడొస్తాం? ఇంకో మూడు రోజులుండి బుధవారం వెళ్దామా?"

ఆమె నా వైపు తిరగలేదు. "హోటలుకి ఎవరిస్తారు?"

"ఫ్యాక్టరీ వాళ్ళేనట. పంచదార సార్ ఫోన్ చేశాడు."

"నాకు చెయ్యకుండా నీకెందుకు చేశాడు?"

"నీకు చేస్తే నువ్వు వద్దంటావని."

"అంటే నేను వద్దంటానని తెలిసి కూడా ఉండమంటున్నాడు." కాసేపు తన వేళ్ళు తాను చూసుకుంది. "పోయినేడు నాకు జ్వరమొచ్చి ఒక్క పూట అడిగితే, నువ్వు లేకపోతే లైను ఆగిపోతుందమ్మా అన్నాడు. ఇప్పుడు ఏడు రోజులు లేకపోయినా ఆగదా ఆ లైను?"

అక్క ఆ గుమాస్తాని అనుమానించింది, పంచదార సార్‌ని అనుమానించింది, పక్క బెంచీ మీద పేపరు చదువుతున్న ముసలాయన్ని కూడా అనుమానించింది. ఆలోచించి రేపు చెప్తానంది.

శనివారం పొద్దున బట్టల దుకాణానికి వెళ్ళింది. నేను వద్దంటున్నా వినలేదు. తన చొక్కాలు ఎక్కడ అమ్ముతారో చూడాలట. పైఅంతస్తులో, గోడ పొడుగునా అరల్లో మడతపెట్టిన చొక్కాల వరస దొరికింది. కాలరు లోపలి పట్టీ చూసి మనవేనని చెప్పేసింది. ఒకటి తీసి విప్పింది, తిరగేసింది, వేళ్ళు పెట్టింది. జేబులోంచి చీటీ తీసింది. పదిహేడు. అక్క మొహం విప్పారింది. అంత దూరంలో, తెలియని మనుషుల మధ్య, తన నంబరు తనకి దొరికితే ఎవరికి సంతోషం ఉండదు? నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ సంతోషంలో రెండోది తీసింది. మూడోది తీసింది. దుకాణం కాపలావాడు మాకు నాలుగడుగుల దూరానికి వచ్చి నిలబడ్డాడు. అక్క పట్టించుకోలేదు. మూడోదాని కాలరు రెండు కొసలూ కలిపి పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇది చూడు" అంది.

చూశాను. ఎడమ కొస దారప్పోగు మందం పొట్టిగా ఉంది. నేనైతే గమనించేదాన్ని కాదు. నిజానికి గమనించలేదు కూడా. జేబులో చీటీ ఉంది. దాని మీద పదిహేడే.

"ఇది నేను పాస్ చెయ్యలేదు" అంది. గొంతు పెంచలేదు. ఇంకో పదిహేను చొక్కాలు విప్పింది. వాటిలో మరో మూడు అలాంటివే దొరికాయి. విప్పినవన్నీ దుకాణం వాళ్ళకంటే బాగా మడిచి పెట్టింది. నాలుగు చీటీలూ చేతిసంచిలో వేసుకుంది. ఆ మూడో చొక్కా మాత్రం కొన్నది. కాపలావాడు మమ్మల్ని మెట్ల దాకా సాగనంపాడు.

దారంతా అక్క చేతిసంచి గట్టిగా పట్టుకుని నాకంటే ముందు నడిచింది.

గదిలోకి రాగానే తలుపు గడియ వేసి, నాలుగు చీటీలూ పక్క మీద వరసగా పరిచింది. అప్పుడు కనపడింది నాకు. నాలుగు చీటీలకీ ఎడమ పై మూల చిన్నగా మడిచి ఉంది.

ప్యాకింగ్ వాళ్ళకి ఒక అలవాటుంది. ఏ కాయితమైనా కవర్లో పెట్టే ముందు ఒక మూల మడుస్తాం, అంటుకుపోకుండా తియ్యడానికి వీలుగా. ఇన్నేళ్ళయ్యాక చెయ్యి తనంతట తానే మడిచేస్తుంది. అందరూ కుడి మూల మడుస్తారు. నాది ఎడమచేతి వాటం. ఫ్యాక్టరీ మొత్తంలో ఎడమ మూల మడిచేదాన్ని నేనొక్కదాన్నే.

అక్క చొక్కాని చూసినట్టే, నన్ను పైనుంచి అడగడం మొదలుపెట్టింది.

"ఎప్పుడు?"

"మూడు నెలల క్రితం. వెనక షెడ్డులో ఓవర్‌టైమ్ అన్నానే, అప్పుడు."

"ఏంటి అక్కడ?"

"చెకింగ్ మిషన్. పరీక్షగా నడిపారు. అది పాస్ చేసినవాటికి నేను చీటీలు పెట్టాను."

"నా నంబరు ఎందుకు?"

"మిషన్‌కి ఇంకా నంబరు లేదన్నాడు పంచదార సార్. పదిహేడంటే కొనేవాళ్ళు మళ్ళీ తెరిచి చూడరట."

"సోమవారం ఏం జరుగుతుంది?"

మొత్తం చెప్పేశాను. మిషన్, టేబుల్, గుండీల గది, అన్నీ. చెప్తూ ఏడ్చాను కూడా. అక్క ఏడవలేదు. ఏడుస్తుందనే కదా నేను దాచింది.

"నీకేమిస్తానన్నాడు?"

ఇందాక చెప్తానన్న మాట ఇదే. "ఆ మిషన్ మీద నన్ను కూర్చోబెడతానన్నాడు" అన్నాను. "ఇన్నేళ్ళూ నిలబడి అట్టపెట్టెలు మడిచాను అక్కా. ఒక్కసారి కుర్చీలో కూర్చుని పనిచెయ్యాలనిపించింది."

అక్క నాలుగు చీటీలూ ఏరి చేతిసంచిలో వేసుకుంది. తిట్టిపోసినా బాగుండేది. ఇటు తిరిగి, "ఫ్యాక్టరీలో గడియారం పక్కన గోడ మీద ఏముందో చదివావా ఎప్పుడైనా?" అంది.

చదివాను. అందరం రోజూ వేలిముద్ర వేసే చోటే ఉంటుంది ఆ నోటీసు. సెలవు మంజూరు కాకుండా వరసగా మూడు రోజులు రాకపోతే తనంతట తాను మానేసినట్టే.

"నాకు మంజూరైంది ఆదివారం దాకా. సోమ, మంగళ, బుధ. ఎన్ని రోజులే?"

అక్కకి గుండీల గది కూడా లేదు. అసలు లోపలికే రానివ్వరు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషిని పంపించాలంటే వాళ్ళు సమాధానం చెప్పుకోవాలి. తనే మానేస్తే ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. దానికి నేను తోడొచ్చాను.

"అలా చెయ్యడు అక్కా. నేను చూసుకుంటానన్నాడు."

"సరే. ఫోన్ చెయ్. అక్క ఉంటానంది, సెలవు పొడిగించినట్టు ఒక కాయితం పంపమని అడుగు. పంపితే నిజంగానే ఉందాం. నాకూ ఈ ఊరు నచ్చింది."

ఫోన్ స్పీకర్లో పెట్టి అడిగాను. పంపిస్తాననాలని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

"మన మధ్య కాయితాలేంటమ్మా?" అన్నాడు పంచదార సార్. "మీరు మా ఇంటి మనుషులు. నా మాట చాలదా? హాయిగా తిరగండి. అక్కయ్యని ఫ్యాక్టరీ గురించి ఆలోచించొద్దని చెప్పు."

అక్క నాకు సైగ చేసింది. "సరే సార్, బుధవారం వస్తాం" అన్నాను.

"విన్నావుగా" అంది అక్క. పెట్టె తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నావి కూడా తనే సర్దింది.

సోమవారం పొద్దున ఏడున్నరకి తన టేబుల్ ముందు నిలబడింది అక్క. ఎనిమిదింటికి టేబుల్ కాళ్ళ బోల్టులు విప్పడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. వాళ్ళ వెనకే పంచదార సార్. ఆయన పక్కన మిషన్ పనితనం చూడ్డానికి వచ్చిన మనిషి, మన చొక్కాలు కొనే కంపెనీ తరఫున. అక్కని చూసి పంచదార సార్ మొహం కత్తి వేటుకి నెత్తురు చుక్క లేనట్టయింది. అక్క నమస్కారం పెట్టి, కొన్న చొక్కా టేబుల్ మీద పరిచి, కాలరు కొసలు రెండూ కలిపి చూపించింది. నాలుగు చీటీలూ పక్కన పెట్టింది.

"నా నంబరు వేసి పంపారు. నేను చూడలేదు. ఎవరు చూశారో మీరే అడగండి" అంది.

నా పేరు ఆమె చెప్పలేదు. నేనే అట్టపెట్టెల వెనక నుంచి వచ్చి చెప్పాను. ఆ తర్వాత చాలా గొడవైంది. పంచదార సార్‌ని ఇంకో షెడ్డుకి మార్చారు. మిషన్ వచ్చింది, రాక మానుతుందా. కానీ అక్క టేబుల్ కదల్లేదు. మిషన్ పాస్ చేసిందాన్ని మళ్ళీ అక్క చూశాకే చీటీ పడుతుంది. ఎన్నాళ్ళు ఉంచుతారో తెలియదు, అక్క మాత్రం ఎన్నాళ్ళో ఉంచరనే అనుకుంటుంది. నేను ప్యాకింగ్‌లోనే నిలబడి ఉన్నాను.

ఇంట్లో అక్క నన్ను ఏమీ అనలేదు. ఎప్పటిలాగే వండుతుంది, వడ్డిస్తుంది, నా కాళ్ళు నొప్పులంటే వేడినీళ్ళు కాస్తుంది. ఆ సంగతి ఎత్తదు. మరిచిపోయిందేమో అనుకున్నాను.

మొన్న ఇద్దరం డ్యూటీకి బయల్దేరాం. గడప దాటి, చెప్పులు వేసుకుని, ఎప్పుడూ అడిగినట్టే అడిగింది, "గ్యాస్ కట్టేశావా?" అని. నేను ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ రోజూ అడుగుతుంది. నేను కట్టేశానంటాను, ఆమె వీధిలోకి నడుస్తుంది.

"కట్టేశాను అక్కా" అన్నాను.

అక్క ఒక క్షణం ఆగింది. చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, వంటగదిలో లైటు వేసి, వంగి చూసుకుని వచ్చింది. గ్యాస్ కట్టేసే ఉంది.