అమ్మమ్మ తీర్పులు, నా నోటుబుక్కు

విజయనగరంలో లా మొదటి సంవత్సరం పూర్తయ్యేసరికి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. వేసవి సెలవులకు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న మా అమ్మమ్మ ఊరు వెళ్ళాను. అక్కడ వలల తగువులన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి.

నాలుగోరోజే ఒక తగువు వచ్చింది. రెండు పడవల వలలు నీళ్ళలో పెనవేసుకున్నాయి. పడ్డ చేప ఎవరిది?

అమ్మమ్మ ఎండుచేపలు తిరగేస్తూనే చెప్పింది. "మా పెద్దది పుట్టిన ఏడు ఇలాగే అయినాది. ముందు ఏసినోడికి సేపలు. రెండోవోడి వల సిరిగితే ముందోడే కుట్టి ఇవ్వాల. ఎల్లండి."

వాళ్ళు సరేనని వెళ్ళిపోయారు.

"అమ్మమ్మా, నువ్వు చేసేది కామన్ లా!" అన్నాను.

"అదేటే?"

ఒకప్పుడు ఇంగ్లండు రాజు జడ్జీలను ఊరూరా తిప్పాడనీ, వాళ్ళు అక్కడి ఆచారాలు విని తీర్పులిచ్చేవారనీ, ఆ తీర్పులే తర్వాతివాళ్ళకు దారయ్యాయనీ చెప్పాను. రోమ్ చక్రవర్తి మాత్రం చట్టాలన్నీ పుస్తకాల్లోకి ఎక్కించాడు. చాలా శతాబ్దాల తర్వాత ఫ్రాన్సు చక్రవర్తీ అలాంటి పుస్తకమే చేయించాడు. అది సివిల్ లా.

"మరి మనదేటి?"

"ఇంగ్లండు పద్ధతే. కానీ చట్టాలు పుస్తకాల్లోనూ రాసుకున్నాం."

"రెండు పడవల మీద కాళ్ళెట్టారన్నమాట."

ఆ మాట నాకు పౌరుషం తెప్పించింది. ఊరి ఆచారాలన్నీ అడిగి తెలుసుకుని, నోటుబుక్కులో రూళ్ళుగా రాసేశాను. వలలు అల్లే పాకలో నిలబడి చదివితే అందరూ తలలూపారు. ఆ తర్వాత రెండు రోజులు నేను చక్రవర్తినే.

మూడోరోజు సముద్రపు పోటుకి ఒకాయన వల కొట్టుకొచ్చి ఇంకొకాయన వలలో చిక్కుకుంది. ముందు వేసింది మొదటాయనే. కానీ వల వేసినచోట లేదు. చేప ఎవరిదన్న తగువు పాకలోకి వచ్చింది.

"నీ పుస్తకం ఏటంటాదే?" అంది అమ్మమ్మ.

మూడుసార్లు తిరగేశాను. "ఏమీ అనడం లేదు."

పాకంతా నవ్వింది. అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "పెద్ద తుపాను ఏడు ఇలాంటిదే వచ్చినాది. కొట్టుకొచ్చిన వలకి సేప లేదన్నాం."

ఆవిడతో ఏళ్ళ తరబడి చేపల గంప మోసిన ఆడపడుచు పక్కనే కూర్చుని ఉంది. "లేదొదినా, సెరి సగం అన్నావు. ఆ వల నా పెనిమిటిదే కదేటి!"

అమ్మమ్మను ఎవరైనా సరిదిద్దడం నేను చూడటం అదే మొదటిసారి. ఆవిడ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కేసుకుని, "అయితే ఇప్పుడూ సెరి సగమే," అంది. ఇద్దరూ చేపలు పంచుకుని వెళ్ళారు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ నా ఎదురుగా చతికిలబడింది. "రూళ్ళు రాయకే. జరిగింది రాయి. ఎవులొచ్చారు, ఏటన్నారు, మనం ఎందుకలా అన్నాం."

ఇంగ్లండులో కూడా వెనకటికి కోర్టుల్లో కూర్చుని వాదనలు రాసిపెట్టుకునేవారని చెప్పాను.

"ఆల్లకీ మతిమరుపేనేటి?" అని తృప్తిగా నవ్వింది.

సెలవులయ్యేదాకా ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. వెళ్ళే ముందు పాకలో అందరికీ చదవాలనుకున్నాం; అంతకంటే ముందు తనకు వినిపించమంది. తుపాను ఏటి తగువు దగ్గరికి రాగానే చెయ్యి అడ్డుపెట్టింది.

"మా ఆడపడుసు సరిదిద్దిందన్న ముక్క ఎందుకే?"

"జరిగింది రాయమన్నావుగా."

నోటుబుక్కు మీంచి చెయ్యి తీసింది. "ఉండనీ. కానీ పాకలో సదివినప్పుడు ఆ ముక్క గొంతు తగ్గించి సదువు."