బాపమ్మ మునగనివ్వని నావ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక సముద్రం ఉండేది. పొద్దున మంచం కింద పడుకునేది, మధ్యాహ్నం మూడు దాటి కిటికీలోకి ఎండ దిగాక లేచి వెలుగులోకి వచ్చేది. మగ్గాల పనికి మా వాళ్లు వలస వచ్చిన ఈ ఊళ్లో, పర్వత్ పాటియా పేటలో, ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇంట్లో అంతకంటే పెద్ద సముద్రానికి చోటెక్కడిది? పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్లూ బండ్లూ కట్టుకునే ప్లాస్టిక్ ఆట ఇటుకలు ఉంటాయే, వాటిలో నీలం రంగువన్నీ ఏరి ఒక చెక్క పలక మీద పరిస్తే అదే నా సముద్రం. దాని మీద నేను పాతకాలపు నావలు కట్టేదాన్ని. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ వయసు పిల్లలకు కలలో ఎవరెవరో వస్తారంటారు, నాకు మాత్రం తెరచాపలు వచ్చేవి. (నిజం సముద్రాన్ని అప్పటికి ఒక్కసారే చూశాను. డుమ్మస్ తీరానికి తీసుకెళ్లారు. మేం చేరేసరికి నీళ్లు ఎంత వెనక్కి పోయాయంటే, ఆ నల్ల ఇసుకలో నిలబడి బాపు, అంటే మా నాన్న, చెయ్యి చాపి, "అగో, గక్కడ తెల్లగ మెరుస్తుంది జూడు, గదే సముద్రం" అన్నాడు. నేను నమ్మాను. నమ్మడం నాకు చిన్నప్పటి నుంచీ తేలికే.)

నేను బడికి పోలేదు. చిన్నతనంలో ఆయాసం పట్టుకుంటే నెలల తరబడి వదిలేది కాదు. అందుకని అమ్మే దేవుడి పాటల పుస్తకం ముందు పెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించింది. మగ్గాల కార్ఖానాలో పనిచేసే బాపు పోగుల లెక్కతో ఎక్కాలు నేర్పాడు. మిగిలిన చదువు ఫోన్ నేర్పింది. ఆ ఆయాసానికి కూడా నేను దేవుడికి దండం పెట్టుకుంటాను. అది లేకపోతే కిటికీ పక్కన అన్నేళ్లు కూర్చునేదాన్ని కాదు, ఈ ఊరు ఒకప్పుడు పెద్ద రేవని, తాపీ నది మీదుగా బట్టల మూటలు ఎక్కించుకుని నావలు ఎక్కడెక్కడికో పోయేవని చదివేదాన్నీ కాదు. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. మా బాపు లాంటి వాళ్లెవరో నేసిన బట్ట, ఎవరూ చూడని దేశాలకు, గాలి తోసుకుపోతే పోయిందన్నమాట! ఆ రోజు నుంచీ మా గల్లీలోని మగ్గాల చప్పుడు నాకు మగ్గాల చప్పుడులా వినిపించలేదు. రేవులో ఎవరో నావకు మేకులు కొడుతున్నట్టే వినిపించేది.

నాలాంటి పిచ్చి ఉన్నవాళ్లు లోకమంతా ఉన్నారని ఫోన్లోనే తెలిసింది. ఆట ఇటుకలతో నావలూ, కోటలూ, పాత యుద్ధాలూ కట్టి, ఫొటోలు తీసి ఒకరికొకరు చూపించుకునే గుంపు ఒకటి దొరికింది. దానికి పెద్దను అందరూ కెప్టెన్ అనేవారు. ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు, ఫొటో స్థానంలో ఒక చిలక ఉండేది. నేను మొదట పంపిన నావను చూసి చిలక, "బాగుంది, కానీ రేవు వెనక కనిపిస్తున్న ఆ ఇనుప గోపురం ఏ కాలానిది?" అని అడిగింది. అది మా కుక్కర్. రెండోసారి తీగ మీద ఆరేసిన బాపు లుంగీ ఫొటోలో పడింది. అది తెరచాప అనుకుని ఇద్దరు మెచ్చుకున్నారు కూడా. అయినా పెద్ద బొమ్మలో మాత్రం నాకు ఒక్కసారీ చోటు రాలేదు. పెద్ద బొమ్మ అంటే, నెలకో అంశం ఇచ్చి, బాగా కుదిరిన వాళ్ల ఫొటోలన్నీ పక్కపక్కన అతికి, ఒకే లోకంలా చేసేవాడు కెప్టెన్. అందులో ఒక మూల, గోరంత జాగాలోనైనా నా నావ ఉండాలి. అప్పట్లో నేను దేవుడి దగ్గర అడిగిన కోరిక అదొక్కటే.

ఆ నెల అంశం తుఫానులో మునిగే నావలు. శుక్రవారం సాయంత్రంలోగా ఫొటో పంపాలి. మూడు నెలల నుంచి కడుతున్న నావ ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆదివారం సంతలో గోనె మీద కుప్ప పోసి అమ్మే పాత ఇటుకల్లో గోధుమ రంగువి ఒక పక్కకే సరిపోయాయి, రెండో పక్క ఎరుపూ పసుపూ ఆకుపచ్చా కలిసిపోయాయి. (ఫొటో తీసే వైపు చరిత్ర, గోడ వైపు సర్కస్.) నడుమ బట్టల మూటలు పేర్చాను. తాళ్లకు మాత్రం దారం వాడొచ్చని గుంపు నియమం, మిగిలినవన్నీ ఇటుకలే ఉండాలి. బాపు తెచ్చిన నల్లదారంతో తెరచాప స్తంభం నుంచి అంచులకు తాళ్లు లాగి కట్టాను. అంశం తెలిశాక వాటిని ఒక్కొక్కటే తెంపాను. తెంపిన కొసల్ని గోటితో చీల్చి, గంజి పెట్టి, గాలికి ఎగురుతున్నట్టు నిలబెట్టాను. స్తంభాన్ని సగానికి విరిచి వాల్చాను. నా దగ్గరున్న తొమ్మిదిమంది బొమ్మ మనుషుల్లో ఐదుగురు నావను పట్టుకుని వేలాడుతున్నారు, నలుగురు నీళ్లలో. ఒకడిదైతే తల ఒక్కటే తీసి నీలం ఇటుకకు నొక్కాను. ఎంత బాగా మునుగుతున్నాడో! చూసుకుని నాకే గర్వమేసింది.

శుక్రవారం పొద్దున స్నానం చేసి మా నేతవాళ్ల మార్కండేయుని గుడికి వెళ్లాను. కళ్లు మూసుకుని, "స్వామీ, నా నావ మంచిగ మునగాలె" అని మొక్కుకున్నాను. సాక్షాత్తూ యముడి పాశం నుంచి బతికి బయటపడిన పిల్లవాడి గుడిలో నిలబడి, తొమ్మిదిమందిని ముంచమని అడుగుతున్నానని ఆ క్షణాన తట్టలేదు. గుళ్లో ఆయన ఎంత నవ్వుకున్నాడో! అక్కడే ప్రసాదం తిని, మధ్యాహ్నం మూడు దాటాక ఇంటికొచ్చి తలుపు మెల్లగా తోశాను. బాపుది రాత్రి షిఫ్టు, పగలు ఆయన నిద్రపోతే ఇల్లంతా గుసగుసల మీదే నడవాలి. కిటికీ దగ్గర బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ముందు నా నావ. తాడు ఒక్కటీ తెగి లేదు. ముప్ఫై ఎనిమిది తాళ్లూ నిటారుగా, మగ్గం మీది పోగుల్లా బిగిసి ఉన్నాయి. స్తంభం లేచి నిలబడింది, చీపురుపుల్ల ఆసరాతో. నీళ్లలో ఒక్క మనిషీ లేడు. తొమ్మిదిమందీ నావ మీద బంతి భోజనానికి కూర్చున్నట్టు వరసగా కూర్చున్నారు. తల మాత్రమే ఉన్నవాడికి డబ్బాలో వెతికి మొండెం తగిలించింది. అది పోలీసుది.

"బాపమ్మా! ఏం జేసినవ్?" నా గుసగుస కూడా కేక లాగే వచ్చింది.

"మెల్లగ. మీ బాపు లేస్తడు. గిన్ని పోగులు తెగి ఏలాడుతుంటె ఇడిసిపెట్టి గుడికి పోయినవ్, జర సోయి ఉండొద్దానే? తెగిన పోగు జూసి ఎట్ల దాటిపోబుద్ధైంది నీకు?"

"అవి తెగలే బాపమ్మా, నేనే తెంపిన!"

ఆమె చేతులు ఆగిపోయాయి. ఊళ్లో ఉన్నప్పుడు ఆమె చేమగ్గం నేసిన మనిషి. మా ఇంట్లో అన్నం పారేసినా ఒక మాట అని ఊరుకునేవారు, పోగు తెంపితే ఊరుకునేవారు కాదు. "తెంపినవా? కావాల్నని?"

"తుఫాన్ వచ్చింది గద. నావ మునుగుతుంది."

"ఎవలు ముంచుతున్నరు?"

"నేనే," అన్నాను.

"మరి మనుషులున్నరు గదనే దాని మీద!"

"వాళ్లు బొమ్మలు!"

"బొమ్మలైతేంది, మొఖాలున్నయ్ గద. గా తలకాయి ఒక్కటే ఉన్నోడు నన్నే జూస్తుండె. ఎట్ల ఇడిసిపెట్టుమంటవ్?" తర్వాత కాస్త మెత్తబడి, "గుడిల ఏం మొక్కినవ్ బిడ్డా?" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఎండ అప్పటికే కిటికీ చువ్వలు దాటి నేల మీదికి జారుతోంది. ఇంకో గంటన్నర ఉంటుంది, అంతే. ఆ గంటన్నరలో మళ్లీ అన్నీ తెంపి, గంజి పెట్టి, స్తంభం విరిచి, నలుగురిని నీళ్లలో పడేయాలి. కత్తెర తీసుకొచ్చాను.

"ఏందే లొల్లి? పాముల లెక్క ఒకటే బుస్సుబుస్సుమంటున్నరు," అంటూ బాపు దుప్పటి తీసి లేచాడు. విషయం చెప్పాను, ఏడుపు గొంతుతో. ఆయన నావ ముందు గొంతుక్కూర్చుని ఒక తాడును బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి జార్చాడు. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. "ముడి ఏడున్నది?" అన్నాడు తనలో తాను. ముడి ఎక్కడా లేదు. కొసలు రెండూ కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని (మా దేవుడి గూట్లోని అగరొత్తుల బూడిద, నావంతా రాలింది) మెలిపెట్టి అతికేసింది. "అవ్వా, నీకు కండ్లు కనబడ్తలేవంటివి గద?" అన్నాడు. నిజమే. రెండు కళ్లకూ పొరలొచ్చి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా ఆమె నన్నే పిలిచేది.

"పోగు కండ్లతోని అతుకుతరార? చేతి ఏళ్లతోని గద," అంది బాపమ్మ. "ఏండ్లాయె ఇంత పని ముట్టి. ఈ ఊరొచ్చినంక నన్నెవలు అడిగిన్రు?"

బాపు నవ్వాడు. "మా కార్ఖానల గిట్ల అతికేటోడు ఒక్కడు లేడే అవ్వా," అన్నాడు. ఆ మాటకు ఆమె కొంగు సర్దుకుని గోడ వైపు చూసింది. నా చేతిలో కత్తెర ఉంది. పెద్ద బొమ్మలో నా మూల ఉంది, మూడు నెలలుగా కళ్లలో పెట్టుకున్న గోరంత జాగా. ఆ తాళ్ల మీదికి కత్తెర తీసుకెళ్లాను కూడా. కానీ నాకు చేతులు రాలేదు. కత్తెరను పరుపు కిందికి తోసేసి, ఎండ పోయేలోగా ఉన్నదాన్ని ఉన్నట్టే ఫొటో తీసి పంపాను.

గంటలోపే చిలక పలికింది. "నావ ముచ్చటగా ఉంది. కానీ తుఫాను ఎక్కడ? అంతా భోజనానికి ఎందుకు కూర్చున్నారు? ఆ బూడిద ఏమిటి? పోలీసు ఎందుకు వచ్చాడు?" నిఘంటువు పక్కన పెట్టుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులో జవాబు రాశాను: "క్షమించండి. ఇది మునిగే నావే. నేను గుడికి వెళ్లినప్పుడు మా బాపమ్మ అందరినీ కాపాడేసింది." నియమం నియమమే అన్నాడు కెప్టెన్. పెద్ద బొమ్మ నేను లేకుండానే వచ్చింది. ఎంత బాగుందో! నల్లటి అలల మీద ఇరవై నావలు విరిగి, చీలి, మునుగుతున్నాయి. అంత అందంగా మునగలేకపోయినందుకు నేను దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. మర్నాడు మాత్రం నా ఫొటో కింద ఎవరో ఒక మాట రాశారు. "నా వాళ్లు ముగ్గురు ఇంకా నీళ్లలోనే ఉన్నారు. మీ బాపమ్మను ఒకసారి అడుగుతారా?" దాని కింద ఇంకొకరు: "మావాడు ఒక్కడే, వంటవాడు. ఈత రాదు." సాయంత్రానికి నావ ఎక్కాల్సినవాళ్లు పదకొండుమంది అయ్యారు.

బాపమ్మకు తెలుగులో చదివి చెప్పాను. ఆమె నవ్వలేదు. "గింతమందిని ముంచిన్రా? ముంచుడు గింత మోజైందా జనాలకు?" అని నావ దగ్గరికి జరిగి తడుముకుంటూ జాగా చూసింది. "సాలది. మూటలు తీసెయ్. బట్టదేముంది, మళ్ల నేసుకుంటరు. మనుషులను ఎక్కియ్." నా దగ్గర మనుషులు ఇంక లేరని చెబితే వంటింట్లోంచి గుప్పెడు శనగలు తెచ్చి ఒక్కొక్కటే అంచు పొడుగునా కూర్చోబెట్టింది, వంటవాడిని మాత్రం మా వంటింటి పొయ్యికి దగ్గరగా ఉండాలని ఆ వైపు చివర్న. ఫొటో పెట్టాను. "శనగలు ఇటుకలు కావు," అని చిలక గట్టిగానే రాసింది. కాసేపటికి మళ్లీ రాసింది: "మావాడు కూడా ఒకడున్నాడు. చోటుంటుందా?"

తర్వాత చాలా రోజులు పొద్దున లేవగానే బాపమ్మ అడిగేది, "ఇంకెవలన్న మిగిలిన్రా?" అని. "లేరు బాపమ్మా, అందరు ఎక్కిన్రు," అనేదాన్ని, చూడకుండానే. తర్వాతి నెల అంశం కోటలు. నావను విప్పేసి ఆ ఇటుకలతోనే బురుజులు కట్టేశాను. ఆ వయసుకు అంత తొందర ఉంటుంది.

ఇప్పుడు నేనే మా గల్లీ పిల్లలను కూర్చోబెట్టుకుని చదువు చెబుతున్నాను, దేవుడి దయ. మొన్నొక పిల్లకు పాత నావలు చూపిద్దామని గుంపులో నా ఫొటో ఉన్న ఆ పాత పేజీ తెరిస్తే, అన్నిటికంటే కింద నేను చదవని మాట ఒకటి కనిపించింది. ఏళ్ల కిందటిది. "ఆలస్యమైందేమో. మావాడు ఒకడు మిగిలిపోయాడు." ఎవరో, ఏ దేశమో తెలియదు. అక్కడ ఇంకా ఉన్నారో లేదో తెలియదు. నావ లేదు, తాళ్లు లేవు. అయినా వేళ్లు వాటంతట అవే, "ఎక్కించాం, క్షేమంగా ఉన్నాడు," అని రాసేశాయి. రాశాక పక్కన కునుకుతున్న బాపమ్మకు, ఇప్పుడు ఆమెకు చెవిలో గట్టిగా చెప్పాలి, సంగతి చెప్పాను.

"గిన్నేండ్ల నుంచి నీళ్లల్లనే ఉన్నడా!" అని ఆమె లేచి కూర్చుంది. "తువ్వాల ఇయ్యి బిడ్డా, తల తుడుసుకుంటడు."

ఇంత వయసొచ్చిన దాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, నేను నిజంగానే లేచి దండెం మీద పొడి తువ్వాల కోసం చూశాను.