చివరి రీలు ఎవరికీ చెప్పకండి

మా అమ్మ దేన్నీ పారేయదు. మొన్న తెనాలిలో ఇంటికి వెల్ల వేయించడానికి సామాన్లు జరిపితే, ఇనప్పెట్టె అడుగున పరిచిన పాత దినపత్రికలు బయటపడ్డాయట. ఇంకెవరైనా అయితే పాత పేపర్లవాడికి వేసేసేవారు. ఆవిడ ఒక్కొక్క కాగితాన్నీ మంచం మీద పరిచి, ఫోనుతో ఫోటోలు తీసి నాకు పంపింది. నేను సౌదీలో, ఖమీస్ ముషైత్ అనే ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఖాళీ దొరికితే చాలు, ఆ ఫోటోలు పెద్దవి చేసుకుని చూస్తూ కూర్చునేదాన్ని. వార్తల జోలికి పోలేదు. సినిమా ప్రకటనలే చూశాను.

నలుపు తెలుపు రోజుల నాటి నేర పరిశోధన చిత్రాలవి. టోపీ కళ్ల మీదికి లాక్కున్న మనిషి, సగం ముఖం చీకట్లో. మెట్ల మీద ఎవరిదో నీడ. ఒక మూల పొగ కక్కుతున్న పిస్తోలు, ఇంకో మూల ఏ సంబంధమూ లేకుండా క్లబ్బు డాన్సరు. "అడుగడుగునా ఉత్కంఠ, మధ్యమధ్య కడుపుబ్బ నవ్వించే హాస్యం" అని రాశారు. మనవాళ్లకి హత్యకీ హత్యకీ మధ్య కూడా కామెడీ ఉండాల్సిందే. అచ్చు బ్లాకు అరిగిపోయి ముఖాలన్నీ నల్లగా అలుక్కుపోయాయి, హీరో ఎవరో విలన్ ఎవరో పోల్చుకోలేం. అడుగున చిన్న అక్షరాలతో, గర్భిణీ స్త్రీలూ గుండె జబ్బున్నవారూ చూడరాదన్న హెచ్చరిక ఉంది.

వాటిలో ఒక ప్రకటన మీద రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంది. కింద "మీకు దండం పెట్టి అడుగుతున్నాం, చివరి రీలు కథ ఎవరికీ చెప్పకండి" అని వేశారు. సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో ఒకరు ఆ చివరి రీలు చెప్పేస్తారు.

ఆ ఫోటోని మా వ్యాను మామకి చూపించాను. ప్రొద్దుటూరు వైపు ముస్లిం ఆయన, మా నర్సుల్ని హాస్టలు నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొస్తాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇదే పాపా," అన్నాడు. "నీకు చెప్పింటినే, ఆ సినిమా ఇదే."

చెప్పడమేమిటి, ఆ సినిమా నాకు కంఠతా వచ్చు. అయితే సగమే. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో పొద్దున్నే మంచు కమ్మేసిన రోడ్డు మీద వ్యానులో వెనక సీట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. సౌదీ అంటే ఇసకా ఎండా అనుకుని వచ్చినదాన్ని, ఈ కొండలూ చలీ చూసి మరీ దిగులు పడిపోయాను. ఆయన ఎందుకేడుస్తున్నావని అడగలేదు. ఓదార్చనూ లేదు. ఒకరోజు ఉన్నట్టుండి, వాన పడే రాత్రి ఒక జమీందారు బంగళాలో పెద్దాయన చచ్చిపడి ఉన్నాడని కథ మొదలుపెట్టాడు. రోజుకో ముక్క చెప్పేవాడు. వార్డులో సెలైన్లు ఎక్కిస్తూ కూడా, ఆ మెట్ల మీద నీడ ఎవరిదా అని ఆలోచించేదాన్ని. ఏడుపు ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. ఈ దేశంలో నేను నిలబడ్డానంటే, అందులో ఎక్కువ భాగం ఆ కథ చలవే.

కానీ కథ ఇంటర్వెల్ దగ్గర ఆగిపోయింది. తర్వాతేమైందని అడిగితే, ఆయనకీ తెలియదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సినిమా వాళ్ల ఊళ్లో రెండోసారి ఆడినప్పుడు ఆయనకి కొత్తగా పెళ్లయింది. భార్యకి నెలలు నిండుతున్నాయి. పేపర్లో గర్భిణీ స్త్రీలు చూడరాదని ఉంటే, అంత వద్దంటున్నారంటే సినిమా చాలా బాగుంటుందని ఇద్దరూ కలిసి వెళ్లారట. ఇంటర్వెల్లో సోడా కొనడానికి ఆయన బయటికొచ్చేసరికి, ఆడవాళ్ల వైపు నుంచి కబురొచ్చింది. నొప్పులు. జట్కాలో ఆసుపత్రికి పరుగెత్తారు, తెల్లారేసరికి పెద్దకూతురు పుట్టింది. బాలింత లేచి తిరిగేలోపు సినిమా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన సౌదీకి వచ్చేశాడు.

చంపింది ఇంటి డాక్టరని ఆయన, కాదు ఆస్తి కోసం జమీందారు తమ్ముడే చంపాడని ఆవిడ. ఇన్నేళ్లుగా ఫోన్లో అదే తగువు. ఆ సినిమా యూట్యూబులో లేదు, సీడీ లేదు, ప్రింటు కూడా ఎక్కడా మిగల్లేదట. నాకు పిస్తోలు బొమ్మ కనిపించిన చోట, ఆయనకి వాళ్లిద్దరి కొత్త కాపురం కనిపించింది.

ఇప్పుడు ఆయనకి ఫైనల్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం ముగించి దేశం విడిచి వెళ్లే వీసా, పడింది. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, రద్దయితే ఇక ఇంటికే. దుప్పట్లు, ఖర్జూరాలు, అత్తర్లు అన్నీ పెట్టెకెక్కాయి.

"ఆమె నన్ను అడిగింది ఇదొకటే పాపా," అన్నాడు. "తెలిసిందా, తెలిసిందా అని అడగతానే ఉంటాది. మీ అమ్మ చూసింటే రోంత కనుక్కోని చెప్పు. ఈ మాట తీస్కపోకుండా ఇంటికి పోవాలంటే మనసు ఒప్పదు."

అమ్మ చూసింది. మొదటి విడుదలలో, పెళ్లికి ముందు, అక్కచెల్లెళ్లతో. కానీ చెప్పనంది. పేపర్లో అంత మర్యాదగా దండం పెట్టి అడిగాక ఎలా చెబుతామంది. మా నాన్నకే చెప్పలేదట. నేను గింజుకుంటే, చివరికి ఒక సడలింపు ఇచ్చింది. టికెట్ కొనుక్కుని సగంలో లేచిపోయిన ఆ దంపతులకైతే, ఇద్దరూ కలిసి వింటామంటే, తనే ఫోన్లో చెబుతుందట. నాకు మాత్రం చెప్పదట.

నాకు పండగలా ఉంది. మామ భార్యకి ముందుగా చెప్పి ఒప్పించాలని ఫోను చేశాను. ఆవిడ నాకు కొత్త కాదు. వాళ్ల ఊరి నుంచి ఎవరు వచ్చినా నాకోసం చెనిక్కాయల పొడి పంపేది. నేను చెప్పిందంతా వింది.

"నాకు ఎప్పుడో తెల్సుమ్మా," అంది. "ఆయన సౌదీకి పోయిన ఏడాదే అది మళ్లా వచ్చినాది. మా అత్తతో పోయి చూసొచ్చినా. చంపింది డాక్టరే. ఆయన చెప్పేదే నిజం."

మరి ఇన్నేళ్లూ తమ్ముడని ఎందుకు వాదించావమ్మా అన్నాను.

"అప్పుట్లో ఫోను అంటే పక్కింటికి పోవాల. తిన్యావా, పిల్లోళ్లు బాగుండారా, అంతే. ఇంగేం మాట్లాడాలో ఇద్దరికీ తెల్దు. ఈ సినిమా ఎత్తితే మాత్రం ఆయన కోపంగా రోంతసేపు మాట్లాడతా ఉండె. నువ్వే గెలిచినావంటే పెట్టేస్తాడు కదమ్మా. నాకు ఆ గొంతు కావాల్సొచ్చె. నువ్వు చెప్పొద్దు."

చెప్పనని మాటిచ్చాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఏడుపు ఆపిన ఆ సగం కథని, ఆవిడే అక్కడ సగంగా నిలబెట్టి ఉంచింది. పూర్తయిన కథైతే ఆయన నాకు ఒక్కరోజులో చెప్పేసి ఊరుకునేవాడేమో. ఆయనకి రుణపడ్డాననే అనుకుంటూ వచ్చాను గానీ, ఆవిడకి ఇంకా ఎక్కువ పడ్డాను.

ఆయన మమ్మల్ని దింపిన ఆఖరి రోజు, అందరూ దిగాక నేను వెనక ఉండిపోయాను. అమ్మ ఏమందని అడిగాడు. గెలిచిన మనిషి ముఖంలోకి చూసి, ఓడావో గెలిచావో తెలియదని చెప్పడం కష్టం. అమ్మ ఒట్టు పెట్టుకుంది మామా, చచ్చినా చెప్పదట అన్నాను.

ఆయన స్టీరింగు మీద చేతులు వేసుకున్నాడు.

"పోనీలే పాపా," అన్నాడు. "ఇంగ ఫోను పెట్టేసే పని లేదు కదా. ఎదురుగా కూచ్చోని కొట్లాడుకుంటాం."