లారీలు వదిలేసిన రాళ్లు

బొగ్గు లారీల ప్రమాదాల మీద పరిశోధన అనగానే అందరూ నన్నేదో పెద్ద ఇంజనీరు అనుకునేవాళ్లు. ఎనభైల్లో నేను చేసిందల్లా ఇల్లందు రోడ్డు మీద రాళ్లు చూసి పళ్లు కొరుక్కోవడమే.

మా వైపు లారీ చెడిపోతే డ్రైవర్లు దాని చుట్టూ తలకాయంత రాళ్లు పేరుస్తారు, ఓ టేకు కొమ్మ విరిచి పెడతారు. వెనక వచ్చే బండ్లకు అదే హెచ్చరిక. అంతవరకు బాగానే ఉంది. రిపేరయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం నడిరోడ్డు మీదే ఉంటాయి. మా అన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కారేపల్లి నుంచి మోటారు సైకిల్ మీద ఆ రోడ్డునే డ్యూటీకి పోయి వచ్చేవాడు. అన్న బండి చప్పుడు వినపడేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

ఈ రాళ్ల సంగతి థీసిస్‌లో రాస్తానంటే మా గైడుకు నవ్వొచ్చింది. “రాళ్ల మీద పీహెచ్‌డీ ఏందమ్మా? లోడు చూడు, బ్రేకులు చూడు” అన్నాడు. ఆయన ఆ రోడ్డును చూసింది మ్యాపులోనే. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. ఒళ్లు మండేది.

అనుకున్నంతా అయింది. ఒక సాయంత్రం మలుపులో ఎవరో వదిలేసిన రాళ్లకు తగిలి అన్న పడ్డాడు. కాలు విరిగింది. దవాఖానాలో కట్టు కట్టించుకుంటూ, మొహం కూడా చూడని ఆ డ్రైవర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. “రాళ్లు తియ్యనీకి చేతులు పడిపోయినయా వానికి?” నా పరిశోధన ఒక్కరికైనా అర్థమైందని, అంత ఏడుపులోనూ నాకు కొంచెం సంతోషం కలిగింది.

కాలు అతుక్కుని మళ్లీ డ్యూటీలో చేరాక, ఒకరోజు నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఇల్లందు బయలుదేరాడు. దారిలో చైను ఊడింది. అన్న కుంటుకుంటూ వెళ్లి రాళ్లు తెచ్చి బండి వెనక పేర్చాడు. చైను ఎక్కించాడు, చేతులు గడ్డికి తుడుచుకున్నాడు, కిక్కు కొట్టాడు.

“అన్నా, రాళ్లు?”

“ఉండనియ్ చెల్లే. మల్ల ఎవని బండన్న ఆగితే అక్కరకొస్తయ్.”

బండి వెనక్కి పోయి, ఒక్కొక్క రాయీ ఎత్తి పక్కకు విసురుతుంటే కోపంతో నాకు ఏడుపొచ్చింది. అన్న మాత్రం ఆ అతుకుల కాలు నేలకు ఆనించి హారన్ కొడుతూనే ఉన్నాడు.

“జల్దీ రా చెల్లే, డ్యూటీకి లేటయితుంది!”